రెండొందల సీలు, పదకొండు వేల బిల్లు

హాస్టల్లో ఈ మధ్య అందరి నోటా ఒకటే ప్రశ్న. "మూడు లక్షలకి పాత ఎస్‌యూవీ వస్తోంది, మా ఇంట్లో తీసుకుందామంటున్నారు, నువ్వు మెకానికల్ కదా, కొనొచ్చా?" అడిగేవాళ్లలో సగం మంది బండి రంగు, టైర్లు, మ్యూజిక్ సిస్టమ్ గురించి చెప్తారు. మిగతా సగం మంది మీటర్ మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్తారు. నేను మాత్రం ఎదురు ప్రశ్న ఒక్కటే వేస్తున్నాను. "మూడు లక్షలూ బండికే ఇచ్చేస్తే, తర్వాత చేతిలో ఎంత మిగుల్తుంది?"

ఏమీ మిగలదు అంటే, నా సలహా కొనొద్దనే. లక్ష మిగుల్తుంది అంటే, పదిహేనేళ్ల బండైనా పర్లేదు, కూర్చుని మాట్లాడుకుందాం అంటాను. పాత బండి మనల్ని ముంచేది దాని వయసుతో కాదని నా అభిప్రాయం. చిన్న రిపేరుని "తర్వాత చూద్దాంలే" అని వాయిదా వేస్తామే, అక్కడ మునుగుతాం. ఇది గాల్లోంచి తీసిన మాట కాదు. మాది దుమ్ముగూడెం మండలం. పాత డీజిల్ బండ్లు ఎలా బతుకుతాయో, ఎలా చస్తాయో చూడాలంటే అంతకన్నా మంచి ల్యాబ్ ఇంకోటి ఉండదు.

మా ఊరి రోడ్డు, మా ఊరి బండ్లు

భద్రాచలం నుంచి చర్ల వైపు గోదారి పక్కనే వెళ్లే రోడ్డులో మా మండలం తగుల్తుంది. పర్ణశాల చూడ్డానికి వచ్చిన వాళ్లందరూ ఈ దారిలో వచ్చినవాళ్లే. రాముడు ఖరదూషణాదులను, పద్నాలుగు వేల మంది రాక్షసులను చంపితే, వాళ్ల బూడిద పడిన చోటు కాబట్టి దుమ్ముగూడెం అయిందని మా పెద్దవాళ్లు చెప్తారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూసిన ప్రతి మెకానిక్కూ పేరు కరెక్టే అంటాడు.

మెయిన్ రోడ్డు మీద ఇసుక లారీలు. రోడ్డు దిగి లోపలికెళ్తే కోయగూడేలు, మట్టి దారులు, వానాకాలంలో వాగులు. ఇంకా లోపలికి పోతే అడవి, ఆ అవతల ఛత్తీస్‌గఢ్. ఈ నేల మీద కార్లు ఎక్కువ రోజులు నిలబడవు. నిలబడినవి నిచ్చెన లాంటి గట్టి ఛాసిస్ మీద బాడీ బిగించిన బండ్లు. జీపులు, కమాండర్లు, ట్రాక్సులు, 1994లో వచ్చిన సుమో, 2000లో వచ్చిన బొలెరో. సుమో తయారీ 2019లో ఆగిపోయింది, కానీ మా వైపు రోడ్డు మీద ఆగిపోలేదు. బొలెరో వెనకాల ఇప్పటికీ కమాన్ కట్టలే. పట్నంలో "కుదుపు ఎక్కువ" అని తిట్టే ఆ కమాన్ కట్టలే మాకు ధైర్యం. విరిగినా భద్రాచలంలో దొరుకుతాయి, సుత్తి, జాకీ, నాలుగు స్పానర్లు ఉంటే చెట్టు కింద మార్చుకోవచ్చు.

ఆ బండి మా దగ్గర చేసే పని కూడా వేరు. మిర్చి కోతకి కూలీలను తీసుకెళ్లాలి, టిక్కీలు వెయ్యాలి, పెళ్లికి చుట్టాలను దించాలి. అర్ధరాత్రి నొప్పులు మొదలైన ఆడమనిషిని భద్రాచలం ఆసుపత్రికి చేర్చాలి. వాగు పొంగినప్పుడు ఏ అంబులెన్సూ అవతలి గట్టు దాటి రాలేదు. అవతలి గట్టున ఏ బండి ఉంటే అదే అంబులెన్సు. ఆ బండి సెల్ఫ్ తీసుకోకపోతే అది ఓనరు ఒక్కడి కష్టం కాదు. అందుకే దీన్ని "కార్ మెయింటెనెన్స్ టిప్స్" లాగా కాకుండా కొంచెం సీరియస్‌గా చదవమని అడుగుతున్నాను.

ఒక నోటుబుక్కు లెక్క

మా నాన్నకి అన్నీ రాసిపెట్టే అలవాటు. ఎరువుల అప్పు రాసే పుస్తకంలోనే వెనక పేజీల్లో బండి ఖర్చు ఉంటుంది. 2021లో 2011 మోడల్ డీజిల్ బండి ఒకటి తీసుకున్నాం. పేరు అనవసరం, ఆ వయసులో ఏ కంపెనీ బండికైనా ఇవే జబ్బులు వస్తాయి. అమ్మినాయన 3,30,000 చెప్పాడు. నాన్న మా మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లాడు. మెకానిక్ అరగంట కింద దూరి, పైకి లేచి, చెయ్యి తుడుచుకుని మూడు మాటలు చెప్పాడు. "హెడ్ ఒకసారి వేడెక్కిన బండి అన్నా. క్రౌన్ సీలు కారుతోంది. ఆయిల్ తారులాగుంది, టర్బో ఎన్నాళ్లుంటదో చెప్పలేను." ఆ మూడు మాటల మీద బేరం 2,90,000కి దిగింది. నలభై వేలు తగ్గింది.

ఏడాది తిరిగేలోపు ఆ మూడూ వచ్చాయి. హెడ్ గాస్కెట్, హెడ్ ఫేసింగ్ 16,500. క్రౌన్ బేరింగులు, సీళ్లు, ఆయిలు 11,000. టర్బో రీకండిషన్ 14,000. మొత్తం 41,500. తగ్గిన నలభై వేలు ఇక్కడికే పోయాయి.

మిగతావి నాలుగేళ్లలో ఒక్కొక్కటిగా వచ్చాయి. క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, కూలీతో 9,500. కమాన్ కట్టల్లో మెయిన్ పట్టీ, రెండు పక్కలా బుష్‌లు 7,200. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, అలైన్‌మెంట్ 8,600. రేడియేటర్, వాటర్ పంపు 6,800. డైనమో, సెల్ఫ్ మోటారు 7,400. బ్రేకులు ముందూ వెనకా 9,000. ఇవన్నీ కలిపితే 48,500.

రెండూ కలిపితే 90,000. కొన్న ధరలో మూడో వంతుకి కొంచెం తక్కువ. టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, మామూలు ఆయిల్ మార్పిళ్లు ఇందులో లేవు. ఇది ఒక ఇంటి లెక్క మాత్రమే. మీ ఊళ్లో, మీ బండికి, మీ మెకానిక్ దగ్గర అంకెలు మారతాయి. కానీ ఈ లెక్కలో కనిపించే తీరు మాత్రం మారదని నా నమ్మకం.

ఆ తీరు ఏంటంటే, 48,500ని నలభై ఎనిమిది నెలలకి పంచండి. నెలకి వెయ్యి. పదేళ్లు దాటిన బండి గుంతల్లో, మట్టిలో తిరిగినందుకు న్యాయంగా అడిగే జీతం అది. క్లచ్ అరగడం, బుష్‌లు పోవడం అంటే చెప్పుల అడుగు అరిగినట్టు. ఆ 41,500 మాత్రం అలాంటిది కాదు. అది పాత ఓనరు చెయ్యించకుండా వదిలేసిన రిపేర్ల తాలూకు వడ్డీ. మేం బండితో పాటు ఆయన వాయిదాలు కూడా కొన్నాం. కాకపోతే వాటి ధర ముందే తెలుసుకుని కొన్నాం.

చిన్నది ఎలా పెద్దదవుతుంది

మన సిలబస్‌లో ఉన్నదే, కానీ ల్యాబ్ రికార్డులో ఎవరూ రాయనిది ఇక్కడ చెప్తాను.

మొదటిది హోస్ పైపు. రేడియేటర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం, ఖరీదు మూడు నాలుగొందలు. ఉబ్బి, చీలి, కూలెంట్ కారడం మొదలవుతుంది. డ్రైవరు బాటిల్లో బోరు నీళ్లు పోసుకుంటూ నడుపుతాడు. బోరు నీళ్లలో ఉన్న సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది, వేడి బయటికి పోదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నీడిల్ ఎర్ర గీత దాటుతుంది. హెడ్ వంకర పోతుంది. ఎంత వంకర? కంటికి కనపడనంత. కానీ గాస్కెట్‌కి ఆ సందు చాలు. కంప్రెషన్ నీళ్లలోకి, నీళ్లు ఆయిల్లోకి వెళ్తాయి. నాలుగొందల గొట్టం పదహారు వేల బిల్లు అయింది. ఇంకో వంద కిలోమీటర్లు అలాగే నడిపితే ఇంజిన్ బోర్‌కి వస్తుంది, అప్పుడు లెక్క యాభై వేల పైమాటే.

రెండోది క్రౌన్ సీలు. ఇది వాగుల ఊళ్ల జబ్బు. ఇరవై కిలోమీటర్లు నడిచిన బండి వెనక హౌసింగ్ వేడిగా ఉంటుంది, లోపలి గాలి కూడా వేడిగా ఉంటుంది. ఆ బండిని ఒక్కసారిగా చల్లటి వాగు నీళ్లలో దింపారనుకోండి. లోపలి గాలి కుదించుకుపోతుంది, ప్రెజర్ పడిపోతుంది, బయటి నుంచి పీల్చుకోవాలని చూస్తుంది. సీలు బాగుండి, పైనున్న బ్రీదర్ తెరుచుకుని నీళ్లకి అందనంత ఎత్తులో ఉంటే గాలి పీలుస్తుంది. సీలు అరిగి ఉంటే నీళ్లు పీలుస్తుంది. తర్వాత డ్రెయిన్ ప్లగ్ విప్పితే గేర్ ఆయిల్ రావాల్సిన చోట పాలు ఎక్కువైన టీ కారుతుంది. ఆ టీలో తిరిగే బేరింగులు ఎన్నాళ్లుంటాయి? మొదట నలభై స్పీడులో సన్నటి మూలుగు వినపడుతుంది. చాలామంది ఆ మూలుగు మీద పాట సౌండ్ పెంచుతారు. సీలు రెండొందలు, బిల్లు పదకొండు వేలు. థర్మోడైనమిక్స్‌లో గ్యాస్ సూత్రం మార్కుల కోసం చదివాం. వాగు దగ్గర దానికి ధర ఉంది.

మూడోది టర్బో. లోపలి షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది. అది లోహం మీద లోహంగా తిరగదు, పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆయిల్ మార్చడం వాయిదా వేస్తే ఆ పొరలో మసి, దుమ్ము ఉంటాయి. లోడు లాగి వచ్చి వెంటనే ఇంజిన్ ఆపేస్తే ఆయిల్ సరఫరా ఆగిపోతుంది, వేడి మాత్రం అక్కడే ఉంటుంది. ఉన్న ఆయిల్ మాడి గట్టిపడుతుంది. "ఇల్లు చేరాక అర నిమిషం, నిమిషం ఇంజిన్‌ని ఊరికే తిరగనివ్వు" అని పాత డ్రైవర్లు చెప్పేది చాదస్తం కాదు. అది ఇంజినీరింగే, కాకపోతే వాళ్లు మనలా పీపీటీ చెయ్యలేదు.

డీజిల్ సంగతి కూడా ఇందులో చేర్చాలి. పాత బండ్లలో మెకానికల్ పంపు ఉండేది, కాస్త మురికి డీజిల్‌ని కూడా సర్దుకుపోయేది. తర్వాత వచ్చిన కామన్ రైల్ బండ్లలో డీజిల్ 1,600 బార్ దాకా ప్రెజర్‌తో ఇంజెక్టర్‌లోకి వెళ్తుంది. అక్కడి సందులు వెంట్రుక కన్నా సన్నం. బంకు దూరమని క్యాన్లలో తెచ్చి పోసే డీజిల్‌లో నీటి చుక్క, మట్టి రేణువు ఉంటే ఇంజెక్టర్ పోతుంది. ఒక్కో కొత్త ఇంజెక్టర్ పది వేల పైనే, అలాంటివి నాలుగు. ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది. దాన్ని నెలకోసారి తిప్పడానికి పైసా ఖర్చు లేదు.

బేరం ఆడకూడని చోటు

ఇంజిన్ పోతే బండి ఆగుతుంది, డబ్బు పోతుంది. బ్రేకు పోతే మనిషి పోతాడు. ఈ రెండింటినీ ఒకే లిస్టులో పెట్టి "ఈ నెల ఏది చేపిద్దాం" అని ఆలోచించడం నాకు నచ్చని విషయం.

పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ వల్ల వ్యాక్యూమ్ దానంతట అదే పుడుతుంది, బ్రేక్ బూస్టర్ దాన్ని వాడుకుంటుంది. డీజిల్‌లో అది ఉండదు కాబట్టి విడిగా వ్యాక్యూమ్ పంపు కావాలి. చాలా పాత డీజిల్ బండ్లలో ఆ పంపుని డైనమో వెనకాలే బిగించారు. డైనమో రిపేరు అనుకుని వాయిదా వేసేది కొన్నిసార్లు నిజానికి బ్రేకు రిపేరు. పెడల్ రోజురోజుకీ గట్టిపడుతుంటే "అలవాటైపోతుందిలే" అనుకోకండి.

ఇంకోటి. డీజిల్ మిగుల్తుందని డౌన్‌లో ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో దింపేవాళ్లున్నారు. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు కూడా! ఇంజిన్ ఆగితే వ్యాక్యూమ్ పంపూ ఆగుతుంది. బూస్టర్‌లో మిగిలింది రెండు మూడు తొక్కుళ్లకి సరిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా ఉంటుంది. పవర్ స్టీరింగ్ ఉన్న బండైతే అదీ బిగుసుకుపోతుంది. మిగిలేది ఎన్ని రూపాయల డీజిల్?

లోడు సంగతి కూడా అంతే. తొమ్మిది మంది బండిలో పద్నాలుగు మంది ఎక్కితే కమాన్ పట్టీ విరగడం ఆశ్చర్యం కాదు. మెటీరియల్స్ క్లాసులో ఎస్-ఎన్ కర్వ్ గీశాం కదా. స్ట్రెస్ కొంచెం పెరిగితే ఆయుష్షు కొంచెం తగ్గదు, దబ్బున పడిపోతుంది. మిర్చి సీజన్లో కూలీల ఆటోలు, ట్రాలీలు బోల్తా పడ్డ వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. వాటిలో ఉన్నది ఎవరి అమ్మో, ఎవరి చెల్లో. బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, టైర్లు, ఈ మూడింటికి డబ్బు లేదంటే బండి షెడ్డులో ఉండాలి, రోడ్డు మీద కాదు. ఇందులో పేదా గొప్పా తేడా ఒప్పుకోను.

వాయిదా ఎందుకు వేస్తారు?

ఇక్కడ నా ఫ్రెండ్స్‌తో నాకు పేచీ ఉంది. "మనవాళ్లకి మెయింటెనెన్స్ కల్చర్ లేదు రా" అని తేల్చేస్తారు. ఊళ్లో పెరిగిన వాడెవడూ అంత సులువుగా అనలేడు. రెండొందల సీలు మార్చడానికి రెండొందలు సరిపోవు. భద్రాచలం వెళ్లాలి, ఒక రోజు పని పోవాలి, పార్టు లేకపోతే కొత్తగూడెమో ఖమ్మమో చెప్పి తెప్పించాలి, కొన్నిసార్లు విజయవాడ ఆటోనగర్ నుంచి రావాలి. కూలీ, చార్జీ, పోయిన రోజు కలిపితే రెండొందలు కాస్తా రెండు వేలు. ఆ రెండు వేలు జులైలో ఏ ఇంట్లోనూ ఉండవు, విత్తనాలకీ ఎరువులకీ పోయి ఉంటాయి. సరిగ్గా జులైలోనే వాగులు పొంగుతాయి, సరిగ్గా అప్పుడే బండి మొరాయిస్తుంది.

మా వైపు డబ్బు కంటికి కనపడేది మిర్చి అమ్మాక, మార్చి ఏప్రిల్‌లో. ఆ డబ్బు మీద వరసగా అందరి కళ్లూ ఉంటాయి. ఎరువుల షాపు, చీటీ, పెళ్లిళ్లు, ఆ వెనకే మన కాలేజీ ఫీజు. ఆ వరసలో బండి ఆఖరున నిలబడుతుంది, దానికి నోరు లేదు కాబట్టి. నేను చెప్పేదేంటంటే, మే నెలలో బండికి ఒక వాటా తీయండి. వానలకి ముందు ఒక్క రోజు. సీళ్లు, హోస్ పైపులు, బ్రేకు, కూలెంట్, బ్యాటరీ, వైపర్ బ్లేడ్లు, డీజిల్ ఫిల్టర్. ఇల్లు కప్పు నేయించుకోవడానికి, చెరువు గట్టు చూసుకోవడానికి మనవాళ్లు ఎప్పుడూ వానలకి ముందే పూనుకున్నారు. బండిని కూడా ఆ లిస్టులో రాయడమే.

దీనికి కల్చర్ అక్కర్లేదు, ఒక తేదీ ఉంటే చాలు.

కొనేటప్పుడు ఏం చూడాలి

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరొచ్చేసరికే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టారంటే ఏదో దాస్తున్నారని అనుకోవచ్చు. స్టార్ట్ అయ్యాక ఆయిల్ మూత తీయండి. పొగ భుసభుసా తన్నుకొస్తే బ్యాక్ కంప్రెషన్, రింగులూ బోరూ అరిగాయి. సైలెన్సర్ పొగ తెల్లగా ఆగకుండా వస్తే నీళ్లు, నీలంగా వస్తే ఆయిలు, నల్లగా వస్తే డీజిల్ సరిగ్గా కాలడం లేదు. కూలెంట్ మూత చల్లగా ఉన్నప్పుడే తీసి చూడండి. నూనె తెట్టు కనపడితే నమస్కారం పెట్టి వచ్చేయండి. కింద దూరి ఛాసిస్‌కి కొత్త వెల్డింగ్ ఉందేమో చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో కలవాలి. ఆర్సీలో ఫైనాన్స్ ఇంకా ఉందా లేదా చూడాలి.

గోదారి జిల్లాల్లో కొనేవాళ్లు ఇంకోటి చూడాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, కాబట్టి అది ఎంత నీరో ఊహించుకోండి. అలాంటి వరదలో మునిగిన బండి కడిగితే పైకి తళతళలాడుతుంది. సీట్ బెల్టు చివరి దాకా లాగి చూడండి, బురద గీత అక్కడ దాక్కుంటుంది. కార్పెట్ కింద, ఫ్యూజ్ బాక్సులో, హెడ్‌లైట్ల లోపల చూడండి. మునిగిన బండిని ఎవరైనా అలాగే స్టార్ట్ చేసి ఉంటే నీళ్లు సిలిండర్‌లోకి పోయి కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు. నీళ్లు గాలిలా నలగవు, రాడ్డే నలుగుతుంది.

ఢిల్లీ బండ్ల సంగతి వేరు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. దాంతో అక్కడి బండ్లు ఎన్ఓసీతో చవగ్గా ఇతర రాష్ట్రాలకి అమ్ముడుపోవడం మొదలైంది. వాటిలో మంచివి ఉంటాయి. కానీ ధర చూసి ఎగిరి గంతేసే ముందు ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, మళ్లీ రిజిస్ట్రేషన్ ఖర్చు కలుపుకోండి.

ఆఖరిది, మన కుర్రాళ్ల బలహీనత. "అదే మూడు లక్షలకి పెద్ద ఫారిన్ ఎస్‌యూవీ వస్తోంది రా!" వస్తుంది. షెవర్లే మన దేశంలో అమ్మకాలు 2017తో ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఆ బండ్లు మంచివే కావచ్చు. కానీ దుమ్ముగూడెంలో ఒక సెన్సర్ పోతే ఎవరు ఇస్తారు, ఎన్నాళ్లకి ఇస్తారు? పాత బండి కొనేటప్పుడు మనం కొనేది బండిని ఒక్కదాన్నే కాదు. దాని పార్టు దొరికే షాపుని, దాన్ని విప్పగలిగే మెకానిక్‌ని కలిపి కొంటున్నాం. ఆ రెండూ మీ ఊరికి నలభై కిలోమీటర్లలో లేకపోతే ఆ బండి మీది కాదు.

మరి పాత బండ్లన్నీ ఉంచెయ్యాలా?

అలా అనడం లేదు. పాత డీజిల్ పొగ నిజం, ఆ పొగ పీల్చేది ముందు మనమే. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి బీఎస్-6 తప్పనిసరి. వాటితో పోలిస్తే పదిహేనేళ్ల కిందటి ఇంజిన్ ఎన్నో రెట్లు మురికి. పాతదంతా బంగారం అనే మాట నాకు నచ్చదు.

కానీ బండిని తూచాల్సింది పుట్టినరోజుతో కాదు, పరీక్షతో. 2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానం కూడా ఫిట్‌నెస్ పరీక్ష గురించే మాట్లాడుతుంది. పదిహేనేళ్లు దాటిన ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఫీజు పెంచితే పాత బండ్లు తగ్గుతాయన్నది ఆలోచన. మా దగ్గర జరిగేది ఏంటంటే, ఆ ఐదు వేలు కట్టడానికి బ్రేకు రిపేరు వాయిదా పడుతుంది. కాగితం కొత్తదవుతుంది, బండి ఇంకా పాతదవుతుంది. ఫీజు తీసుకునే చోటే బ్రేకు, స్టీరింగ్, పొగ నిజంగా మెషీన్ మీద పరీక్షించి, ఫెయిలైతే ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చి, నెల టైమిచ్చి మళ్లీ రమ్మంటే, నేను ఆ ఫీజుకి అనుకూలం. అప్పుడు వాయిదా వెయ్యడానికి దారి ఉండదు.

ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేదు. మన బ్రాంచిలో అరవై మందిమి ఉన్నాం. చాలామంది ఇళ్లలో ఏదో ఒక పాత బండి ఉంది, కనీసం ట్రాక్టర్ ఉంది. ఈ వేసవి సెలవులకి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యండి. మీ ఇంటి బండికి ఒక రెండొందల పేజీల పుస్తకం తెరవండి. ఏ రోజు ఏం మార్చారు, ఎంత అయింది, మెకానిక్ "ఇది తర్వాత చూద్దాం" అన్నది ఏంటి. ఆ మూడో వరస ముఖ్యం. "తర్వాత" అన్న ప్రతి దాని పక్కన ఒక తేదీ వెయ్యండి, ఆ తేదీ వానలకి ముందు ఉండేలా చూడండి. మెకానిక్ పక్కన కూర్చుని చూడండి కూడా. ఆయన చెవితో కనిపెట్టే బేరింగ్ చప్పుడు మన వైబ్రేషన్ అనాలసిస్‌లో రెండు యూనిట్ల సిలబస్.

ఆగస్టులో కాలేజీ తెరిచేసరికి ఆ పుస్తకాల్లోంచి తలా ఒక పేజీ తెండి. ఏ ఊరి రోడ్డు మీద ఏ పార్టు ముందు పోతుందో, దానికి ఎంతవుతుందో వచ్చే సంచికలో వేద్దాం. మూడు లక్షలు పట్టుకుని బండి కోసం తిరిగే మన జూనియర్ నాన్నకి షోరూమ్ బ్రోచర్ కన్నా అది పనికొస్తుంది.